నాలుగు వారాల టికెట్

మా లాటరీ కౌంటర్లో అమ్మకం శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఆగిపోతుంది. ఏడున్నరకు డ్రా. ఏడింటికి అంటే ఏడింటికే, ఒక్క సెకను కూడా అటూ ఇటూ ఉండదు. ఆపేది నేను కాదు, మెషీన్. తెర మీద ఎర్రటి గీత ఒకటి వచ్చి, దానంతటదే తాళం వేసుకుంటుంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా దానికి వినపడదు. ఈ సంగతి కిటికీ అద్దం మీద అరచేయంత అక్షరాలతో రాసిపెట్టాను. రాసి ఇరవై రెండేళ్లయింది. ఇరవై రెండేళ్లుగా జనం ఆరూ యాభై ఎనిమిదికి రొప్పుతూ వస్తూనే ఉన్నారు.

వీళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సోమవారం పొద్దున తొమ్మిది నుంచి కిటికీ తెరిచే ఉంటుంది, ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. అప్పుడు ఒక్కడూ రాడు. శుక్రవారం ఆరున్నర దాటిందా, పెళ్లివారు దిగినట్టు దిగుతారు. బస్సు డ్రైవరు ఒకడున్నాడు, బస్సు నిండా జనాన్ని కూర్చోబెట్టి ఇంజను ఆపకుండా దిగి వస్తాడు. అందరిలోకీ ఘనుడు లెక్కల మాస్టారు. ముందే కొంటే నంబర్లు పచ్చిగా ఉంటాయట, పండనివ్వాలట. లెక్కలు చెప్పేవాడు అనవలసిన మాటేనా? ఆయనకు ఆఖరి నిమిషం మాస్టారు అని పేరు పెట్టాం.

పెట్టింది నేనూ మా వదినా. ఈ కౌంటర్ మా అన్నయ్యది. ఆయన పోయాక మేమిద్దరం నడుపుతున్నాం. మెషీన్ ముందు వదిన కూర్చుంటుంది. కిటికీ దగ్గర నిలబడి చీటీలు నింపడం నా పని. చీటీ అంటే నంబర్ల గళ్లున్న కాగితం. ఆరు నంబర్లకు గీత కొట్టాలి. కింద వరసలో ఇంకో నాలుగు గళ్లుంటాయి: ఒకటి, రెండు, నాలుగు, పది. టికెట్ ఎన్ని వారాల డ్రాలకు పనిచేయాలో అక్కడ గీత కొట్టాలి. ఆ చీటీని మెషీన్ మింగి టికెట్ కక్కుతుంది.

అన్నయ్య నాకు పని నేర్పిన మొదటిరోజే ఒక మాట చెప్పాడు. "ఒరేయ్, మనిషి ఉండని వారానికి టికెట్ అమ్మకు. పాపం తగులుతుంది." మా వీధిలో కాంట్రాక్టు పనులవాళ్లు ఎక్కువ. మూడు వారాలుండి పోయేవాడికి పది వారాల టికెట్ అంటగడితే, ఒకవేళ తగిలినా వాడు తెలుసుకునేదెలా? అందుకని ఎవరొచ్చినా నేను ముందు ఒకటే అడుగుతాను, ఎన్ని వారాలుంటారు అని. వాళ్లు చెప్పే లోపలే నా చేయి ఆ గడి మీదికి వెళ్లిపోతుంది. ఇన్నేళ్లలో ఒక్క చీటీ తప్పు నింపలేదని నాకు గర్వం కూడా.

మా ఆవిడ ఎప్పుడూ పది వారాల టికెట్టే. ఆమె బట్టలు కుట్టేది. ఆమె ఆడే ఆరు నంబర్లూ పెళ్లినాటి తన కొలతలే: మెడ, భుజం, చేయి, నడుము, ఛాతీ, పొడవు. నడుము ఇరవై ఆరు. "ఆ నడుము డ్రాలోనూ రాదు, నీకూ తిరిగి రాదు" అని ఏడిపించేవాణ్ణి. "రాకపోతే పోనీయండి, గుర్తుగానైనా ఉండనీయండి" అనేది. కడుపులో గడ్డ తీశాక ఏడాది బాగానే ఉంది. మళ్లీ వచ్చింది. మొన్నీమధ్య ఒకరోజు టేపు చుట్టుకుని చూసుకుని, "ఏమండీ, ఇరవై ఆరు వచ్చింది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాతి సోమవారమే డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. ఇక మందులు నొప్పికే తప్ప జబ్బుకు కాదన్నాడు. ఎన్నాళ్లు అని అడిగాను. ఐదారు వారాలు అన్నాడు. మెల్లగానే అన్నాడు, మంచి మనిషే. ఆయన బల్ల మీద ఉన్న నీళ్ల సీసా మూత ఎందుకో తీసి మళ్లీ బిగించి బయటికొచ్చాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అత్తగారు పోయినప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి ఆమెకు ఏమీ తెలియనివ్వలేదు. ఆ పిచ్చితల్లి ఆఖరి రోజు వరకూ, లేచి తిరిగాక ఎవరెవరి ఇంటికి వెళ్లాలో చెబుతూనే పోయింది. మా ఆవిడ ఆ కోపం ఎన్నేళ్లయినా మరిచిపోలేదు. అమ్మకు చెప్పి ఉంటే వాళ్లందర్నీ మంచం దగ్గరికే పిలిపించుకునేది కదా అని బాధ. అప్పుడే నా చేత మాట తీసుకుంది. "నాకే గనక అలాంటిదొస్తే నాకు చెప్పాలి. అందరికంటే ముందు నాకే చెప్పాలి. చెప్పకపోతే మిమ్మల్ని క్షమించను." సరే అన్నాను. సరే అనడానికి ఏముంది? అప్పుడు ఇద్దరం గుండ్రాళ్లలా ఉన్నాం.

ఆ సోమవారం మా ఆవిడ ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే, "ఏమన్నాడు?" అంది. "మందు మార్చాడు. నెమ్మదిగా గుణం కనిపిస్తుందట" అన్నాను. ఆ మాట అనాలని నేను అనుకోలేదు. నోరే అనేసింది. ఆమె ముఖం విప్పారింది. ఆ విప్పారిన ముఖం మీద మళ్లీ రాయి వేయడం నా వల్ల కాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు వచ్చింది, ఎల్లుండి అనుకున్నాను. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులన్నట్టు, ఊరందరికీ గడువు నేర్పే నేను నాకొక గడువు పెట్టుకోలేకపోయాను. వదినకు కూడా చెప్పలేదు.

ఆ వారంలోనే మా మరదలు వచ్చింది. మా ఆవిడకు తోడబుట్టినది ఈ చెల్లెలొక్కతే. సరుకు ఓడలో వంట చేస్తుంది. ఓడ ఎక్కిందంటే మూడు నెలలు నీళ్ల మీదే. ఎక్కే ముందు అక్కను చూసిపోదామని వచ్చి మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ ఇంట్లో నవ్వులే నవ్వులు. మంచం మీద ఇద్దరూ చెరో వైపు పడుకుని, చిన్నప్పుడు ఎవరి జడ ఎవరు కత్తిరించారో తేల్చుకోలేక పోట్లాడుకున్నారు. మూడోరోజు పొద్దున మరదలు అంది, "అక్కా, ఈ ఒక్కసారి ఓడ మానేసి నీ దగ్గరుండనా?"

"ఎందుకే? మందు పనిచేస్తోంది కదా. వెళ్లిరా. నువ్వొచ్చేసరికి లేచి తిరుగుతుంటాను. ఇద్దరం కలిసి ఎటైనా వెళ్దాం" అంది మా ఆవిడ.

సంచి మోసుకుని నేను బస్సు దాకా వెళ్లాను. మెట్టు మీద కాలు పెట్టి మరదలు వెనక్కి తిరిగింది.

"బావా, నా మీద ఒట్టేసి చెప్పు. నిజంగా వెళ్లొచ్చా? రానంటే రేపు మధ్యాహ్నంలోగా కంపెనీకి చెప్పాలి. ఆ తర్వాత ఇంకొకర్ని తీసుకోరు, దిగనివ్వరు."

"వెళ్లమ్మాయ్. అక్క బాగానే ఉంది" అన్నాను.

ఒట్టు మాత్రం వేయలేదు. దాన్నే గొప్పగా అనుకుంటూ ఇంటికొచ్చాను. సోమవారం ఓడ కదిలింది.

ఇక ఈ శుక్రవారం. మా ఆవిడ పాత టికెట్ కిందటి వారంతో అయిపోయింది. కొత్తది తెమ్మని పొద్దున గుర్తు చేసింది. మధ్యాహ్నం కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు చీటీ నింపి, వదినకిచ్చి, టికెట్ తీసుకుని భోజనానికి ఇంటికెళ్లాను. ఇల్లు ఎంతో దూరం కాదు, పావుగంట నడక. టికెట్ ఆమె చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకోకుండానే తీసుకుని కళ్లజోడు పెట్టెలో, జోడు కింద పెట్టుకుంది. ఆమె టికెట్లన్నీ అక్కడే ఉంటాయి. నేను తినేసి వచ్చేశాను.

ఆరున్నరకు జనం ముసిరారు. మంగలి వచ్చి, "నెలరోజులకి కొట్టు అన్నా" అన్నాడు. అలాగే అని నాలుగు గడి మీద గీత కొట్టాను. కొట్టగానే చేయి ఆగిపోయింది. ఇవాళ ఇదే గీత ఇంకోసారి కొట్టాను. మధ్యాహ్నం. మా ఆవిడ చీటీ మీద.

ముందు నమ్మలేదు. తర్వాత ఆ చీటీ కళ్ల ముందుకొచ్చింది. మెడ, భుజం, చేయి, నడుము, ఛాతీ, పొడవు, కింద నాలుగు. పది కాదు, నాలుగు. డాక్టరు ఐదారు అన్నాడు, అప్పటికి పదకొండు రోజులు గడిచాయి. నేను మరిచిపోదామని చూస్తున్న లెక్కను నా చేయి తప్పకుండా వేసుకుంటోంది. మనిషి ఉండని వారానికి టికెట్ అమ్మలేదు.

అమ్మిన టికెట్ రద్దు చేయడానికి వీలుంది. కాకపోతే అదే రోజు, అదే మెషీన్ మీద, అమ్మకం ఆగేలోపు, టికెట్ చేతిలో ఉండాలి. గడియారం చూశాను. ఆరూ ముప్ఫై నాలుగు. ఆమె ఇంకా జోడు పెట్టుకుని చూసి ఉండదు, మధ్యాహ్నాలు నిద్రపోతుంది అనుకున్నాను.

"వదినా, ఇప్పుడే వస్తా" అన్నాను.

"ఇప్పుడా? మతి పోయిందా మరిదీ? బయట జనం చూడు!"

వినిపించుకోలేదు. పరిగెత్తాను. యాభై ఆరేళ్ల వాడు చెప్పులతో వీధిలో పరిగెడుతుంటే కూరగాయల కొట్టామె ఏమైంది ఏమైంది అని అరిచింది. ఇంటికి చేరేసరికి ఆరూ నలభై రెండు. మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తలగడ పక్కన పెట్టె. ఊపిరి బిగబట్టి పెట్టె తెరిచి, జోడు కింద నుంచి టికెట్ లాగాను. నాలుగు. స్పష్టంగా అచ్చయి ఉంది. పెట్టె మూసి, మునివేళ్ల మీద బయటికొచ్చి, మళ్లీ పరుగు.

కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ఏడుకు నాలుగు నిమిషాలు. పక్క తలుపు తట్టాను. ఆఖరి పావుగంట ఆ తలుపుకు లోపల గడియ వేసి ఉంచాలన్నది నేను పెట్టిన పద్ధతే, ఆ సందులోంచి జనం దూరతారని.

"లేచి తీశానంటే వీళ్లలో ఇద్దరికి టికెట్ దక్కదు. వరసలో రా!" అని లోపల్నుంచి వదిన కేకేసింది. ఎవరనుకుందో ఏమో.

వరసలో ఆరుగురున్నారు. ఇన్నేళ్లలో కిటికీకి ఇటువైపు నిలబడడం నాకదే మొదటిసారి. "అయ్యా, ఒక్కటే పని, కొంచెం ముందుకు వెళ్లనివ్వండి" అన్నాను. బస్సు డ్రైవరు వెనక్కి తిరిగి, "అద్దం మీద అంత పెద్దగా రాసుంది, చూసుకోలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను రోజూ అనే మాటే, నా గొంతుతో సహా దించాడు. ఇంకోరోజైతే నేనూ నవ్వేవాణ్ణే.

ముగ్గురు కదిలారు. ఏడుకు రెండు నిమిషాలు. ముందు డ్రైవరు, తర్వాత ఇంకో ఆయన, ఆ తర్వాత మాస్టారు, నేను. డ్రైవరుది అయింది. రెండో ఆయన ఓ పక్కకు తప్పుకుని జేబులు వెతుక్కుంటున్నాడు. మాస్టారు నా ముఖం కేసి చూశారు. పక్కకు జరిగి, నా భుజం పట్టుకుని ముందుకు తోశారు.

"వదినా, ఇది రద్దు చేసి పది వారాలకు కొట్టు."

వదిన నన్ను చూసి, టికెట్ చూసి, కొట్టింది. రద్దయింది. కొత్తది బయటికొచ్చింది. ఎర్రగీత వచ్చేసింది. మాస్టారికి టికెట్ లేదు. "మీకు పోయిందండీ" అన్నాను. "వచ్చే వారం ఉంది కదయ్యా" అన్నారాయన. దండం పెట్టి ఇంటిదారి పట్టాను.

దారి పొడవునా గెలిచినట్టే అనిపించింది, సిగ్గులేకుండా. గండం గడిచింది అనుకున్నాను. రేపు నిమ్మళంగా కూర్చోబెట్టి చెబుతాను అనుకున్నాను. మళ్లీ రేపే.

తలుపు తోసేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉంది. దీపం వేసుకుంది. జోడు ముఖం మీదుంది. పెట్టె ఒళ్లో తెరిచి ఉంది.

"ఇటివ్వండి" అని చేయి చాపింది.

ఇచ్చాను. దీపానికి దగ్గరగా పట్టుకుని చూసింది.

"పది" అంది. "మధ్యాహ్నం నాలుగుంది."

"తొందరలో తప్పు కొట్టాను. అందుకే మార్చి తెద్దామని..."

"మీరా? చీటీ తప్పు నింపారా?"

నేను చెప్పులు విడవడానికి వంగాను.

"మీరు మధ్యాహ్నం గుమ్మం దాటగానే జోడు పెట్టుకున్నాను. చూశాను. అర్థం కావడానికి ఎంతసేపు? మీ అన్నయ్య మాట నాకు తెలియదా? సాయంత్రం దాకా ఏడ్చాను. తర్వాత మనసు కుదుటపడింది. పోనీలే, నోటితో చెప్పలేక ఇలా చెప్పారు, ఎలాగైతేనేం మాట నిలబెట్టుకున్నారు అనుకున్నాను. మీరొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ మాట్లాడదామనుకున్నాను. మీరేమో దొంగలా వచ్చి తీసుకుపోయారు."

"నిద్రపోతున్నావనుకున్నాను..."

"నిద్రెక్కడిది? మీరు పిలుస్తారేమోనని గోడకేసి తిరిగి పడుకున్నాను." టికెట్ మడిచి నా చేతిలో పెట్టేసింది. "మందు మార్చారన్నారు. గుణం కనిపిస్తుందన్నారు. ఇన్ని రోజుల్లో మీరు నాకు చెప్పిన నిజం ఆ నాలుగు ఒక్కటే. దాన్నీ మార్చుకొచ్చారు."

నేను మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. ఏడ్చాను. సిగ్గు విడిచి ఏడ్చాను. ఆమె చేయి నా తల మీద వేసింది గానీ నిమరలేదు, ఊరికే ఉంచింది.

"డాక్టరన్నదేనా, మీరు వేసుకున్న లెక్కా?"

"డాక్టరే. ఐదారు వారాలన్నాడు."

"ఎప్పుడు?"

"సోమవారం. ఈ సోమవారం కాదు, అంతకుముందుది."

నా తల మీద ఉన్న చేయి కదిలింది.

"అయితే చెల్లి వచ్చేటప్పటికే మీకు తెలుసా?"

తల ఊపాను.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. రెండు చేతులతో ముఖం కప్పుకుని, "అది ఉంటానంది కదండీ. ఉంటాననే అంది కదా" అని చిన్నపిల్లలా గొణిగింది. నేనే దాన్ని పంపించాను, నేనే పంపించాను అని ముందుకూ వెనక్కూ ఊగింది. ఆపడానికి నాకు చేతులు రాలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఓడలో పనివాళ్లకు శుక్రవారం సాయంత్రం కాసేపు ఫోను ఇస్తారు, ఆ వేళకు చేస్తానని మరదలు వెళ్లేటప్పుడే చెప్పింది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. గొంతు సవరించుకుని తీసింది.

"అక్కా! ఎలా ఉన్నావే? నా వంట తిని కెప్టెను రెండోసారి వడ్డించమన్నాడు తెలుసా?" ఆ పిల్ల గొంతు గదంతా వినబడుతోంది.

మా ఆవిడ నోరు తెరిచింది. "నువ్వేం తిన్నావే?" అని అడిగింది. తర్వాత చలిగా ఉందా అని అడిగింది. పడుకునే చోట కిటికీ ఉందా అని అడిగింది. నాతో అంత మాట అన్న మనిషి, చెల్లెలికి చెప్పడానికి ఒక్క మాట కూడబలుక్కోలేకపోయింది. ఫోను నా వైపు చాపింది.

"నా వల్ల కావట్లేదండీ. మీరు చెప్పండి."

తీసుకున్నాను. "అమ్మాయ్, ఆ రోజు బస్సు దగ్గర నీకు అబద్ధం చెప్పాను" అన్నాను. ఆ తర్వాత మిగిలిందంతా చెప్పాను. ఐదారు వారాలని, అందులో గడిచినవి పోగా నాలుగని. పదకొండు రోజుల్లో నా నోటితో నేనుగా ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. అవతల గిన్నెల చప్పుడు వినబడుతోంది, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు.

"బావా" అంది చివరికి. "నేనెలా దిగను? చుట్టూ నీళ్లే. ఇంకో రేవు రావడానికే నెల పైన పడుతుంది."

"అమ్మాయ్..."

"అడిగాను కదా బావా. నీ ముఖం చూసి అడిగాను కదా. నన్నెందుకు ఎక్కనిచ్చావు?"

మా ఆవిడ ఫోను నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. తీసుకుని, ఏడుపు మింగుకుంటూ, "ఆయన్నేమీ అనకే. వెళ్లమని నేనూ అన్నాను కదా" అంది.

తను తెలియక పంపింది. నేను తెలిసి పంపాను.